పెళ్లయిన పల్లెటూరి ఆడవాళ్లకు అనుకోని గర్భాలు ఎందుకు వస్తుంటాయి?

ఆంధ్రప్రదేశ్ సంగతే చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇబ్బందల్లా పెళ్లికీ ఆ ఆపరేషన్‌కీ మధ్య కాలంలోనే. "ఇద్దరు పుట్టాక ఎలాగూ ఆపరేషనే కదా" అనుకుంటారు, మాత్రలో కాపర్-టీయో వాడి కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉంచేవాళ్లు చాలా తక్కువ.

నా లెక్కలో అన్నిటికన్నా దెబ్బతీసేది ఒక నమ్మకం: "బిడ్డ పాలు తాగుతోంది, నెలసరి రాలేదు, ఏం కాదులే." ఇది సగమే నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప వేరేది పట్టకూడదు, నెలసరి మొదలవకూడదు. ఈ మూడూ ఉన్నంతవరకే దానికి బలం. సీసా పాలు అలవాటు చేసినా, అన్నప్రాశన అయినా ఆ భరోసా పోయినట్టే. మొదటి నెలసరి రాకముందే అండం విడుదల కావచ్చు. కాబట్టి నెలసరి కనిపించకుండానే కడుపు నిలవొచ్చు.

వలస ఇంకో కారణం. భర్త పట్నం నుంచి సంక్రాంతికి వస్తాడు. ఎప్పుడో మాత్రలు మానేసిన మనిషి ఆ నాలుగు రోజుల కోసం మళ్లీ మొదలుపెట్టదు. కండోమ్ మాటెత్తితే అనుమానం!

గర్భం రాకుండా ప్రభుత్వాసుపత్రిలో మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ ఉచితమే. దానివల్ల నెలసరి తారుమారవుతుందని ముందే చెప్పకపోతే భయపడి రెండో డోసుకి రారు. ఇక మగవాళ్ల ఆపరేషనంటారా, ఒక్క శాతం కూడా లేదు.