మెటానమీ, సినెక్‌డొకీ, జూగ్మా... ఈ పేర్లు గుర్తుండాలంటే ఎలా?

ఎంఏ ఇంగ్లీష్ ఎంట్రన్స్‌కి చదువుతున్నాననీ, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్, అంటే ఇంగ్లీషు అలంకారాలు, ఎంత బట్టీపట్టినా మర్నాటికి కలగాపులగమైపోతున్నాయనీ అడిగారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఎంఏ ఇంగ్లీష్ చేసినవాణ్ణి కాబట్టి, నాకు పనికొచ్చిందేదో చెప్తాను.

నేనూ పెద్ద లిస్టు రాసి హాస్టల్ గోడకి అంటించుకున్నవాణ్ణే. గోడ చూస్తే అన్నీ వచ్చేవి, క్వశ్చన్ పేపర్ చూస్తే ఒక్కటీ వచ్చేది కాదు. దారి దొరికింది మెస్‌లో. ఒకడు ఆలస్యంగా వచ్చి కూర్చుని, "పొద్దున చీవాట్లు, మధ్యాహ్నం చల్లారిన పప్పన్నం తిన్నాన్రా" అన్నాడు. అందరం నవ్వాం. 'తిన్నాను' అన్న క్రియ ఒక్కటే. చీవాట్లకి ఒక అర్థం, పప్పన్నానికి ఇంకో అర్థం. గోడ మీద జూగ్మా అని రాసుకున్నది ఇదే కదా!

ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ 'ది రేప్ ఆఫ్ ది లాక్' కావ్యంలో ఆన్ రాణి గురించి చెప్తూ ఒకే 'టేక్'కి సలహానీ టీనీ కలిపి కట్టాడు. రాణిగారు ఒక్కోసారి సలహా పుచ్చుకుంటారు, ఒక్కోసారి టీ పుచ్చుకుంటారు. మన 'పుచ్చుకోవడం' దానికి అతికినట్టు సరిపోతుంది చూడండి. రాజ్యవ్యవహారమూ, టీ కప్పూ ఒకే వాక్యంలో ఒకే ఎత్తున కూర్చున్నాయి. వెటకారమంతా అక్కడే ఉంది. జవాబులో జూగ్మా అని పేరు రాసి వదిలేయకుండా ఈ ముక్క కూడా రాయండి. నాకు మార్కులు పోయిందల్లా ఇది రాయకే.

మెటానమీ, సినెక్‌డొకీ దగ్గర అందరూ తడబడతారు. "తలా వంద వేసుకుందాం" అంటాం. తల మనిషిలో భాగం, భాగంతో మొత్తాన్ని చెప్తున్నాం కాబట్టి అది సినెక్‌డొకీ. ఇంగ్లీషువాళ్ల 'ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్' కూడా అంతే, చేతులంటే అక్కడ ఓడలో పనిచేసే మనుషులు. "ఢిల్లీ ఒప్పుకోలేదు" అంటే? ఢిల్లీ ప్రభుత్వంలో భాగం కాదు, ప్రభుత్వం ఉండే చోటు. ఆ సంబంధంతో పిలవడం మెటానమీ. మాటకి నేరుగా ఉన్న అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన ఇంకో అర్థం తీసుకోవడాన్ని మన ఆలంకారికులు లక్షణ అంటారు, దానికి వాళ్లు చెప్పే 'గంగలో పల్లె' ఈ దారిదే. గంగ అంటే అక్కడ గంగ ఒడ్డు. అయితే సినెక్‌డొకీని మెటానమీలోనే ఒక రకంగా లెక్కవేసేవాళ్లూ ఉన్నారు, కంగారుపడకండి.

లైటోటీస్ అంటే ఎదురు మాటని కాదనడం ద్వారా అసలు సంగతి చెప్పడం, దానికి పుస్తకమే అక్కర్లేదు. "వాడేం తక్కువవాడు కాడు" అని రోజుకి నాలుగుసార్లు అంటాం. అపోఫసిస్ అంటే "నేనేం అనట్లేదు గానీ వదినా..." అని మొదలుపెట్టి అంతా అనేయడం. షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్'లో ఆంటోనీ, చనిపోయిన సీజర్ వీలునామా చేత్తో పట్టుకుని, ఇది చదవను, సీజర్‌కి మీరంటే ఎంత ప్రేమో మీకు తెలియకూడదు అంటాడు. చివరికి జనమే పట్టుబట్టి చదివిస్తారు.

ఒక్కచోట మాత్రం తెలుగు నన్ను ముంచింది. అలిటరేషన్ అంటే అనుప్రాసే, ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడమే కదా అని పదం మధ్యలో వచ్చిన హల్లులకి కూడా గీతలు గీశాను. అది ఎక్కువగా పదాల మొదట్లో, ఊనిక పడే చోట చూడాల్సింది. మధ్యలో, చివర్లో హల్లు తిరిగొస్తే కాన్సొనెన్స్ అంటారు. పైగా 'కింగ్', 'నైఫ్', 'నాట్' మూడూ స్పెల్లింగులో 'కె'తో మొదలయ్యాయని కలిపేశాను. ఎర్ర సిరా పడింది. అక్షరం కాదు, శబ్దం ముఖ్యం. అనుమానమొస్తే పదాన్ని తెలుగు లిపిలో రాసుకోండి, నైఫ్ 'న'తో మొదలవుతుందని వెంటనే కనిపిస్తుంది. ఇంగ్లీష్ మీడియం వాళ్లకి లేని సదుపాయం ఇది!

ఐరనీని, అంటే పైకి కనబడేదొకటీ అసలు సంగతి ఇంకొకటీ కావడాన్ని, కూడా మన వ్యాజస్తుతితో (పొగుడుతున్నట్టు తిట్టడం, తిడుతున్నట్టు పొగడటం) సరిపెట్టకండి. అది మాటలో ఉండే ఐరనీకే, అదీ కొంతవరకే, సరిపోతుంది. డ్రమాటిక్ ఐరనీకి నేను కీచకుణ్ణి గుర్తుపెట్టుకున్నాను. నర్తనశాలలో ద్రౌపది తనకోసం ఎదురుచూస్తోందని సింగారించుకుని వెళ్తుంటాడు. చీకట్లో ఉన్నది భీముడని మనకి తెలుసు, అతనికి తెలీదు.