సమాధానం: క్లాసిఫికేషన్ బాగుంది, తోట హద్దులే కుదరడం లేదు
చిత్తూరు వైపు మామిడి తోటలను గుర్తించడానికి సెంటినెల్-2 ఉపగ్రహ ఇమేజ్‌ను సెగ్మెంట్లుగా (ఒకేలా ఉన్న పక్కపక్క పిక్సెళ్లను కలిపిన ముక్కలు, వీటినే ఆబ్జెక్టులంటారు) విడగొట్టి, ఒక్కోదానికి పంట పేరు (లేబుల్) ఇస్తే కచ్చితత్వం బాగానే వచ్చినా హద్దులు తేడాగా ఉన్నాయన్నారు. అక్కడక్కడా కొన్ని పాయింట్ల దగ్గర సరిచూసి తీసిన కచ్చితత్వం లేబుల్ గురించే చెబుతుందండీ, ఆకారం సంగతి దానికి పట్టదు.

కొన్ని తోటల హద్దులు హై రిజల్యూషన్ ఇమేజ్ మీద చేత్తో గీయండి. విసుగు పనే, కానీ తప్పదు. తోటకూ సెగ్మెంట్‌కూ ఉమ్మడిగా ఉన్న విస్తీర్ణాన్ని, రెండూ కలిపి కప్పే మొత్తం విస్తీర్ణంతో భాగించండి. 1కి దగ్గరైతే ఆబ్జెక్ట్ సరైనదే. తక్కువొస్తే ఎందుకో చూడండి. ఒకే తోట నాలుగు ముక్కలైతే టెన్షన్ వద్దు, తర్వాత కలుపుకోవచ్చు. తోటా, పక్కనున్న చెరకు పొలమూ ఒకే ఆబ్జెక్ట్‌లో పడితే మాత్రం ఏ క్లాసిఫైయరూ విడదీయలేదు; స్కేల్ పారామీటర్ (సెగ్మెంట్లు ఎంత పెద్దగా రావాలో చెప్పే సెట్టింగ్) తగ్గించాల్సిందే.

లేత తోటల్లో 10 మీటర్ల పిక్సెల్‌కు చెట్ల కంటే నేలే ఎక్కువ కనిపిస్తుంది. వాటిని వేరే క్లాస్‌గా పెట్టుకోండి.