టెక్‌విమెన్ మనకి లేదు, అవుట్‌రీచీ చూడండి

భీమవరంలో బీటెక్ మూడో ఏడు, టెక్‌విమెన్‌కి అప్లై చెయ్యాలనుంది, ఇంట్లో అమెరికా అంటే ఒప్పుకోరు, ఏం చెయ్యను అని అడిగారు. అసలు టెక్‌విమెన్ దేశాల్లో ఇండియా లేదండి. సైన్సు, టెక్నాలజీ రంగాల్లోని ఆడవాళ్లని అమెరికా పిలిపించడానికి అక్కడి విదేశాంగ శాఖ మొదలుపెట్టిన ఆ కార్యక్రమం ఆఫ్రికా, మధ్య ఆసియా, పశ్చిమాసియా, పాకిస్తాన్ వాళ్లకి. అదీ ఉద్యోగం చేస్తున్నవాళ్లకే. అదే శాఖది ఇంకోటి, ఐవీఎల్‌పీ అనే పర్యటన కార్యక్రమానికైతే అప్లికేషనే ఉండదు, ఎంబసీ వాళ్లే ఎంచి పిలుస్తారు. ఫీజు కడితే ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ కనిపిస్తే లేచి వచ్చెయ్యండి.

నేను బీటెక్ అయ్యాక పాలకొల్లులో మా ఇంట్లో కూర్చునే అవుట్‌రీచీ చేశాను. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్ అందరికీ అందుబాటులో ఉండే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో, మూడు నెలల ఇంటర్న్‌షిప్, వారానికి 30 గంటలు, మొత్తం 7,000 డాలర్లు. మే నుంచి ఒక విడత, డిసెంబరు నుంచి ఒకటి. క్లాసులుంటాయి గనక మీకు మే విడతే నప్పుతుంది.

మొదటి అప్లికేషన్‌లో మీరు ఎదుర్కొన్న వివక్ష గురించి రాయమంటారు. మన అమ్మాయిలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంటి గుట్టు బయటపెట్టడమేంటని పొడిపొడిగా రెండు ముక్కలు రాసి పంపుతారు. ల్యాబులో కీబోర్డు ఎప్పుడూ అబ్బాయిల చేతిలోనే ఉండేదని, హ్యాకథాన్ అనే కోడింగ్ పోటీ రాత్రి హాస్టల్ గేటు దాటనివ్వలేదని ఉన్నదున్నట్టు రాయండి. అది దాటాక దాదాపు నెల రోజులు ప్రాజెక్టులో చిన్న చిన్న పనులు చేసి చూపించాలి, ఎంపిక దాన్నిబట్టే. ప్రాజెక్టులో దారి చూపించే మెంటర్‌కి విడిగా 'హాయ్ మేడమ్' అని పెట్టి ఎదురుచూడకండి. ఎక్కడ ఆగారో, ఏం ప్రయత్నించారో, ఏ ఎర్రర్ వచ్చిందో అందరూ చూసే చాట్‌లోనే అడగండి.

మా మెంటర్ ఉండేది కాలిఫోర్నియాలో. చలికాలంలో మనకి రాత్రి తొమ్మిదైతే ఆవిడకి ఉదయం ఏడున్నర. ఆ వేళప్పుడు వీడియో కాల్ ఏంటని మా నానమ్మకి ఒకటే అనుమానం. నాన్నగారైతే డాలర్లు అకౌంట్లో పడ్డాకే నమ్మారు. తుఫానుకి మా వీధిలో కరెంటు స్తంభం పడితే ఫోన్‌లో ఒక్క మెసేజ్ పెట్టాను, పని గడువు జరిపారు. చెప్పకుండా మాయమైపోతేనే వాళ్లకి కోపం.

ముందుముందు అమెరికా వెళ్లే ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ఏదైనా వస్తే, దానికిచ్చే జే-1 వీసాలో ఒక మెలిక చూసుకోండి. ప్రభుత్వ డబ్బుతో వెళ్తే, మినహాయింపు దొరికితే తప్ప, తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉంటేగానీ హెచ్-1బీ, గ్రీన్ కార్డు ఇవ్వరు. అమెరికా సంబంధాలు చూసే ఇంట్లో అయితే ఇది ముందే చెప్పెయ్యండి.