పతకాల పట్టిక పక్కన పెట్టు తమ్ముడూ

తమ్ముడూ,

జపాన్ కర్లింగ్ క్రీడాకారిణి సత్సుకి ఫుజిసావా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. బాగానే కష్టపడ్డావు, తేదీలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ 1991లో హొక్కైడోలోని కిటామిలో పుట్టింది, అయిదేళ్లకు కర్లింగ్ మొదలుపెట్టింది, 2018 ఒలింపిక్స్‌లో కాంస్యం, 2022లో రజతం అంటూ చదువుతూ పోయావు. అది బయోడేటా. ఉద్యోగానికి పనికొస్తుందేమో గానీ, కర్లింగ్ అనే ఆటే ఎప్పుడూ చూడని మన పాఠకుడు రెండో పేరాకే జారుకుంటాడు.

ముందు ఆట సంగతి. 'మంచు మీద క్యారమ్స్' అన్నావు. అందరూ అదే అంటారు, ఒక్కసారికి ఒప్పుకుంటా. కానీ అక్కడే ఆగిపోయావేం? క్యారమ్స్‌లో స్ట్రైకర్ వేలు దాటిందంటే ఇక నీ చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడ దాదాపు ఇరవై కిలోల గ్రానైట్ రాయి చెయ్యి వదిలాక కూడా పని మిగిలే ఉంటుంది. ఇద్దరు దాని ముందు బ్రష్‌లతో మంచును రుద్దుకుంటూ వెళ్తారు, ఆ రాపిడికి మంచు కాస్త వేడెక్కి రాయి ఇంకొంచెం దూరం పోతుంది, వంపు తగ్గుతుంది, అటు చివర నిలబడ్డ స్కిప్, అంటే జట్టు కెప్టెన్, ఏమో రుద్దమనీ ఆపమనీ గొంతు చించుకుంటూ ఉంటుంది. ఫుజిసావా ఆ స్కిప్. ఎత్తులు వేసేదీ ఆమే, ప్రతి ఎండ్‌లో, అంటే ఒక్కో రౌండ్‌లో, తమ జట్టు ఆఖరి రెండు రాళ్లు వేసేదీ ఆమే. ఇది చెప్పకపోతే ఆమె టెన్షన్ ఎవరికి తెలుస్తుంది?

ఇక అసలు ముక్క, నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినది. స్కూలు చదువు అయ్యాక ఊరు వదిలి నగానో ప్రాంతంలోని కరుయిజావా వెళ్లింది, చుబు ఎలక్ట్రిక్ కంపెనీ జట్టులో చేరింది, 2011 నుంచి 2014 దాకా వరుసగా నాలుగుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది. అయినా 2014 సోచీ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు! 2013 సెలక్షన్ పోటీల్లో హొక్కైడో బ్యాంక్ జట్టు చేతిలో ఓడిపోయారు. 2015లో ఆ జట్టు వదిలేసి సొంత ఊరు తిరిగొచ్చి, మారి మోతోహాషి అనే క్రీడాకారిణి 2010లో మొదలుపెట్టిన లోకో సోలారే జట్టులో చేరింది. మరుసటి ఏడాదే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం, ఆ చాంపియన్‌షిప్‌లో జపాన్‌కు అదే మొదటి పతకం. కథంతా ఈ మలుపులోనే ఉంది, నువ్వేమో పతకం దగ్గర రెండు పేరాలు ఖర్చు పెట్టావు.

ఆ ఊరి గురించి కూడా రాయి. కిటామిలో కలిసిపోయిన తోకోరో అనే సముద్రతీర పట్టణం, స్కాలప్‌లనే ఆల్చిప్పల వేటకు పేరున్న చోటు. అక్కడ మొదట్లో చిన్న బీరు పీపాలను రాళ్లుగా వాడి ఆడుకున్నారు, 1988కల్లా ఇండోర్ హాలే కట్టుకున్నారు. ఇలాంటి చోటు నుంచి వచ్చిన అమ్మాయికి 'పట్టుదల గల' అనే విశేషణం దేనికి?

'ఆ రాత్రి కిటికీలోంచి మంచును చూస్తూ శపథం చేసింది' అన్నావు. ఎవరు చెప్పారు నీకు? తీసెయ్. నిజంగా జరిగినవే దానికన్నా బాగున్నాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో లీగ్ చివరి మ్యాచ్ స్విట్జర్లాండ్ చేతిలో ఓడి, ఇక ఇంటికే అనుకుని ఏడుస్తున్నప్పుడు సెమీస్‌కు చేరినట్టు తెలిసింది, తర్వాత అదే స్విట్జర్లాండ్‌ను 8-6తో ఓడించారు. తనకు తాను ధైర్యం చెప్పుకునే మాటలు పెన్నుతో చేతి మీద రాసుకుని ఆడిందామె. ఇంతకంటే కల్పన ఎందుకు?

ఇంకోటి. 2018 కాంస్యాన్ని ఆమె ఒక్కతే సాధించినట్టు రాశావు. ఆ మ్యాచ్‌లో ఆఖరి రాయి బ్రిటన్ స్కిప్ ఈవ్ మ్యూర్‌హెడ్‌ది. ఆ దెబ్బకు రాళ్లు చెదిరి చివరికి జపాన్ రాయే గురి వలయం మధ్యకు దగ్గరగా మిగిలి పాయింటు వాళ్లకే దక్కింది, 5-3. నాలుగేళ్లకు ఫైనల్లో అదే మ్యూర్‌హెడ్ జట్టు వీళ్లను 10-3తో ఓడించింది. అవతలి మనిషిని కూడా మనిషిలా చూపించు, ఈ ఇద్దరి మీదే వ్యాసం నడిపినా నాకు అభ్యంతరం లేదు. మ్యాచ్ విరామంలో ఫుజిసావా జట్టు తిన్న స్ట్రాబెర్రీలు, 2023లో ఆమె బాడీబిల్డింగ్ పోటీకి దిగితే నెట్‌లో వైరలైన ఫొటోలు ఉండనీ, కానీ ఒక్కో వాక్యం చాలు.

శీర్షికలో 'మంచు మహారాణి' కూడా తీసెయ్. మళ్లీ రాసే ముందు ఒక పూర్తి మ్యాచ్ చూడు, హైలైట్స్ కాదు. రెండున్నర గంటలకు పైనే పడుతుంది, బోర్ కొడుతుంది కూడా, ఆ బోర్ ఎక్కడ పోయిందో కాగితం మీద రాసుకో. బీజింగ్ సెమీస్ అయితే మంచిది. అది చూశాకే రెండో ప్రతి పంపు.

మీ అన్న