అబ్బాయిని ఒక్కణ్ణే పంపడం గురించి

చి.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పదమూడేళ్ల బాబును వైట్‌ఫీల్డ్ నుంచి మల్లేశ్వరంలోని మా ఇంటికి మెట్రోలో ఒక్కణ్ణే పంపవచ్చా అని అడిగావు. తప్పకుండా పంపు. అయితే ఈ శనివారం నువ్వూ వెంట రా. దారి మాత్రం వాడినే చూపించనిచ్చి, నువ్వు వెనక నడువు. పర్పుల్ లైనులో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకు మారి, సంపిగె రోడ్డులో దిగాలి. మెజెస్టిక్‌లో వాడు తప్పు ప్లాట్‌ఫారం వైపు తిరిగినా చెయ్యి పట్టుకుని లాగకు, బోర్డు చదివి తనంతట తానే సరిదిద్దుకునేదాకా ఓపిక పట్టు.

ఇంతకంటే ముఖ్యం, తిరిగి వచ్చాక నువ్వు వాడితో ఎలా మాట్లాడతావన్నది. మా అబ్బాయికి ఆ వయసున్నప్పుడు గుమ్మంలో అడుగు పెట్టగానే నేను మార్కులే అడిగేదాన్ని. తరగతిలో పిల్లలు వాడిని దూరం పెడుతున్న సంగతి ఏడాది తర్వాత పక్కింటావిడ చెబితే తెలిసింది. వాడు నాతో చెప్పుకోలేకపోయాడన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే బాబు ఏదైనా చెబుతుంటే వెంటనే ఉపాయం చెప్పకు, మొత్తం విని, "నన్నేమైనా చేయమంటావా, వింటే చాలా?" అని అడుగు.

బడిలో కన్నడం, ఇంగ్లీషు మాట్లాడే మన పిల్లలకు మనసులోని మాట చెప్పడానికి 'బోర్', 'టెన్షన్' తప్ప మరేమీ మిగలడం లేదు. బెంగ వేరు, ఉక్రోషం వేరు, అలక వేరు, నలుగురిలో చిన్నబోవడం వేరు. "ఈరోజు ఆఫీసులో చిన్నబోయాను, సాయంత్రందాకా ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు" అని నువ్వే వాడి ముందు చెప్పుకుంటే, తనకు కలిగినదానికీ ఒక పేరుందని వాడికి తెలుస్తుంది.

ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి కనుక రాత్రిపూట ఫోన్లన్నీ, నీదీ సహా, హాలులోనే ఉంచండి.

వారాల తరబడి తిండి, నిద్ర తగ్గి, స్నేహితులకు దూరంగా ఉంటుంటే, వయసు ప్రభావమని ఊరుకోవద్దు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మన బెంగళూరులోనే మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉండనే ఉంది.

పై వారం వాడు ఒక్కడే వచ్చేటప్పుడు నేను స్టేషన్‌కు ఎదురు రాను. ఇంట్లోనే ఉంటాను, వాడు వచ్చి తలుపు తట్టగానే నీకు ఫోన్ చేయిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ