డ్యామ్ భద్రతలో ఉద్యోగం: సివిల్ చదివే అమ్మాయికి దారి ఎటు?

ప్రశ్న: మాది నంద్యాల. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. తుంగభద్ర గేటు కొట్టుకుపోయినప్పటి నుంచి డ్యామ్ సేఫ్టీలోనే పనిచేస్తానంటోంది. దీనికోసం కేంద్రంలో ఒక అథారిటీ పెట్టారట. అందులోకి నేరుగా పరీక్ష ఉంటుందా? ఎంటెక్ చేయించాలా? వానాకాలంలో రాత్రిళ్లు డ్యామ్ మీద ఉండాల్సి వస్తుందంటున్నారు, ఆడపిల్లకు కుదిరే పనేనా?

జవాబు: డ్యామ్ సేఫ్టీ ఆఫీసర్ పేరుతో ఫ్రెషర్లకు పెట్టే పోటీ పరీక్ష కోసం ఎదురుచూడకండి. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ముందు నీటిపారుదల ఇంజనీర్లవుతారు, తర్వాతే డ్యామ్ భద్రత వైపు వస్తారు. ఎందుకో తెలియాలంటే చట్టం ఎలా ఉందో కాస్త చూడాలి.

2021 డిసెంబరు 30న డ్యామ్ భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. 15 మీటర్ల కంటే ఎత్తయిన ప్రతి డ్యామ్ దాని పరిధిలోకి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గనివి, లేదా నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గనివి, ఇలా కొన్ని షరతులకు సరిపడేవి కూడా వస్తాయి. దేశంలో ఇలాంటివి 6 వేలకు పైగా ఉన్నాయి. డ్యామ్ యజమాని, అంటే ఎక్కువగా రాష్ట్ర జలవనరుల శాఖే, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయించాలి. వరద వచ్చినా, భూకంపం వచ్చినా మళ్లీ చేయించాలి. దాన్ని పర్యవేక్షించేది రాష్ట్ర డ్యామ్ భద్రతా సంస్థ, ఎస్‌డీఎస్‌ఓ. దానిపైన జాతీయ డ్యామ్ భద్రతా అథారిటీ, మీరు విన్న ఎన్‌డీఎస్‌ఏ. రెండు రాష్ట్రాల్లోకి విస్తరించిన డ్యామ్‌లకు మాత్రం ఎస్‌డీఎస్‌ఓ చేసే పనినీ ఎన్‌డీఎస్‌ఏనే చేయాలని చట్టం చెబుతోంది. మీ పక్కనే ఉన్న శ్రీశైలం, ఆ కింద నాగార్జునసాగర్ ఈ లెక్కలోకే వస్తాయి.

30 కంటే ఎక్కువ డ్యామ్‌లున్న రాష్ట్రంలో ఎస్‌డీఎస్‌ఓకు చీఫ్ ఇంజనీర్ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి. కింద పనిచేసేవాళ్లకు డ్యామ్ డిజైన్, గేట్ల వ్యవస్థ, హైడ్రాలజీ (వాన, వరద లెక్కలు), భూసాంకేతిక పరీక్షలు, కొలత పరికరాలు, డ్యామ్‌ల పునరుద్ధరణ లాంటి వాటిలో అనుభవం ఉండాలి. అనుభవం అడుగుతున్నారు కాబట్టే ఫ్రెషర్‌కు నేరుగా తలుపు లేదు. మీ అమ్మాయి ఈ ఆరింటిలో ఒకటి ఎంచుకుని పట్టు సాధిస్తే రేపు ఆ కుర్చీలోకి పిలిచేది ఆమెనే.

ఇక దారులు. మొదటిది రాష్ట్ర సర్వీస్ కమిషన్ల ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పరీక్ష. పరీక్ష ఎంత ఉంటుందో అంచనాకు తెలంగాణ 2022 నోటిఫికేషన్ చూడండి: పోస్టులు 1,540. జనరల్ స్టడీస్‌కు 150 మార్కులు, సబ్జెక్టుకు 300, ఇంటర్వ్యూ లేదు, స్కేలు 54,220 నుంచి 1,33,630. ఆంధ్రప్రదేశ్ అభ్యర్థిగా మీకు ఏపీపీఎస్సీ నోటిఫికేషనే ముఖ్యం. ఇలాంటివి ఏటా క్రమం తప్పకుండా రావు, ఇది ముందే మనసులో పెట్టుకోండి. రెండోది యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష, ఈఎస్‌ఈ. సివిల్ ర్యాంకుతో సెంట్రల్ వాటర్ కమిషన్‌లో చేరొచ్చు. మూల వేతనం 56,100, వయసు 21 నుంచి 30. ఎన్‌డీఎస్‌ఏకు దగ్గరి దారి నా ఉద్దేశంలో ఇదే, ఎందుకంటే అక్కడ కూర్చునేవాళ్లలో చాలామంది ఈ కమిషన్ నుంచే వస్తారు.

ఏఈఈగా చేరితే మొదటి పోస్టింగ్ కాలువల మీదో, ఎత్తిపోతల మీదో, చెరువుల మీదో పడొచ్చు. నిరాశ పడొద్దు. డ్యామ్ సేఫ్టీ విభాగాన్ని శాఖలో చాలామంది లూప్‌లైన్‌గా చూస్తారు, పనులు, బిల్లులు ఉండవని. అందుకే ఇష్టంగా అడిగేవాళ్లకు అది దొరకడం అంత కష్టమేమీ కాదు.

అసలు పని ఎలా ఉంటుందో ఒక్కటి చెప్తాను, మీ అమ్మాయికి చదివి వినిపించండి. మట్టికట్ట దిగువ పాదం దగ్గర ఊటనీరు చేరే కాలువకు 90 డిగ్రీల వి-నాచ్ పలక, అంటే వి ఆకారంలో కోత ఉన్న పలక, బిగిస్తారు. నాచ్ మొన పైన నీరు 10 సెంటీమీటర్లుంటే ఊట సెకనుకు సుమారు 4.4 లీటర్లు. 12 సెంటీమీటర్లయితే 6.9 లీటర్లు. రెండు సెంటీమీటర్లకే ఊట సగానికి పైగా పెరిగింది! స్కేలును పలకకే అంటిస్తే రీడింగ్ తక్కువ వస్తుంది, ఎందుకంటే పలక దగ్గరికి వచ్చేసరికి నీటి మట్టం వంగుతుంది. నీటి ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల దూరం ఎగువన చదవాలి. పక్కనే ఆ రోజు జలాశయ మట్టం, వాన ఎంత పడిందో రాయాలి. ఇవి లేని ఊట లెక్కతో ఏమీ తేలదు: జలాశయం నిండి ఊట పెరిగితే అది మామూలే, మట్టం పెరగకుండా ఊట పెరిగితే అనుమానించాలి. నీటిని గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే అడుగున మట్టి చేరిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు ఫైలు నడిపే టైముండదు, వెంటనే పైవాళ్లకు చెప్పాలి. తనిఖీ సంస్థలోని ఇంజనీరు ఇలాంటి రిజిస్టర్లే చదువుతాడు. నెలల తరబడి ఒకే అంకె కనిపిస్తే అది డ్యామ్ బాగుందని కాదు, రీడింగ్ తీసినవాడు అక్కడికి వెళ్లలేదని.

మన ప్రాంతంలో ఈమధ్య జరిగినవి చూస్తే గేట్ల పని తెలిసినవాళ్ల కొరత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. అక్కడ గేటు ముందు దించి నీళ్లు ఆపే స్టాప్‌లాగ్ ఏర్పాటు లేదు. దాని పలకలు అప్పటికప్పుడు తయారు చేయించి, పారే నీళ్లలోనే దించాల్సి వచ్చింది. ఇనుప తాళ్లు, గొలుసులు, రబ్బరు సీళ్లు, గేటును ఎత్తే హాయిస్ట్ మోటార్లు, జనరేటర్ – ఇవన్నీ సివిల్‌వాళ్లు మెకానికల్‌వాళ్ల పని అనుకుంటారు, మెకానికల్‌వాళ్లేమో శాఖలో తక్కువ. గేట్లు తెలిసిన సివిల్ ఇంజనీరుకు గిరాకీ ఉంటుంది.

మరో ఖాళీ హైడ్రాలజీలో ఉంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా నీరు పొర్లి తెగిపోయింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 11223 ప్రకారం నిల్వ 60 మిలియన్ ఘనపు మీటర్లు, అంటే సుమారు 2.1 టీఎంసీలు దాటినా, లేదా నీటి ఎత్తు 30 మీటర్లు దాటినా, రాగల గరిష్ఠ వరదకు స్పిల్‌వే, అంటే అదనపు నీటిని వదిలే దారి, సరిపోతుందో చూడాలి. ఈ ప్రమాణం 1985 నాటిది, పాత డ్యామ్‌లు అంతకుముందు కట్టినవి. వరద అంచనాలను మళ్లీ వేయడం పెద్ద పని. పైగా ఇప్పటికే ఉన్న ప్రతి డ్యామ్‌కు స్వతంత్ర నిపుణుల బృందంతో సమగ్ర మూల్యాంకనం, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక చట్టం వచ్చిన 5 ఏళ్లలోపు పూర్తి కావాలి, అంటే 2026 డిసెంబరుకు.

ప్రైవేటు అవకాశాలు వస్తున్నది అక్కడే. 736 డ్యామ్‌లకు 10,211 కోట్ల అంచనాతో డ్రిప్ (డ్యామ్‌ల పునరుద్ధరణ, మెరుగుదల) పథకం రెండు, మూడు దశలు పెట్టారు. డ్యామ్ తెగితే నీరు ఎన్ని గంటల్లో ఏ ఊరికి చేరుతుందో లెక్కకట్టే పనిని కన్సల్టెన్సీలు తీసుకుంటాయి. అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం ఉచితంగా ఇచ్చే, నీటి ప్రవాహాన్ని లెక్కకట్టే హెచ్‌ఈసీ-రాస్ సాఫ్ట్‌వేర్, మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ వచ్చినవాళ్లను తీసుకుంటారు. జీతం మొదట్లో తక్కువే, ఒప్పందం ప్రాజెక్టు ఉన్నంత వరకే. పరీక్షలకు చదువుతూ ఏడాది రెండేళ్లు చేయడానికి బాగుంటుంది.

ఎంటెక్ సంగతి: గేట్ ప్రవేశ పరీక్షలో మంచి స్కోరు వచ్చి ఐఐటీ రూర్కీలో డ్యామ్ భద్రతకు సంబంధించిన కోర్సో, పెద్ద సంస్థల్లో జలవనరులు లేదా జియోటెక్నికల్ (నేల, పునాదుల) కోర్సో దొరికితే పంపండి. దొరక్కపోతే ఏదో ఒక కాలేజీలో ఫీజు కట్టి చేయించొద్దు. ఆ రెండేళ్లు ఏఈఈ, ఈఎస్‌ఈ సిలబస్‌కు పెడితే ఎక్కువ ఉపయోగం.

ఆడపిల్ల అన్న మాటకు వద్దాం. వరద రోజుల్లో షిఫ్టులుంటాయి, గేట్లు ఎత్తేటప్పుడు అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. అది నిజం. ఉండటానికి క్వార్టర్, ప్రాజెక్టు దగ్గర టాయిలెట్, రాత్రి వాహనం ఉన్నాయో లేదో పోస్టింగ్ రాగానే అడిగి తేల్చుకోవాలి. కానీ డిజైన్లు, హైడ్రాలజీ, తనిఖీ విభాగాల్లో ఎక్కువ పని ఆఫీసులోనే. డ్యామ్‌ల మీదికి వెళ్లేది తనిఖీల సమయంలో. ఇంకో సంగతి కూడా తెలియాలి: చట్టం ప్రకారం ఇచ్చిన ఆదేశాలు పాటించకపోతే ఏడాది వరకు, దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. సంతకానికి విలువ ఉన్న ఉద్యోగం ఇది.

ఈ వేసవిలో ఒక పని చేయించండి. ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ లెటర్‌తో జలవనరుల శాఖ సూపరింటెండింగ్ ఇంజనీర్ ఆఫీసులో అడగండి. అనుమతి వస్తే తనిఖీ చెక్‌లిస్టు చదివి, ఒక గేటు హాయిస్ట్, ఒక వి-నాచ్, ఉంటే డ్యామ్ గ్యాలరీలోని, అంటే డ్యామ్ లోపలి సొరంగం లాంటి దారిలోని, డ్రెయిన్లు దగ్గరుండి చూడమనండి. ఆ డ్రెయిన్లు సున్నం పేరుకుని మూసుకుపోతే డ్యామ్ అడుగున నీటి ఒత్తిడి ఎలా పెరుగుతుందో సొంతంగా లెక్కకట్టి, నాలుగో సంవత్సరం ప్రాజెక్టుగా పెట్టుకుంటే సరిపోతుంది.