సెల్లార్ ఆరకముందే అప్పెందుకు?

దేవరకొండ నుంచి ఒక టీచర్ మేడమ్ రాశారు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు రోడ్డు మీది నీళ్లు ర్యాంపు దిగి వాళ్ల ఇంటి సెల్లార్‌లో నడుము లోతు నిలిచాయట. ఇన్వర్టర్, బోరు స్టార్టర్, స్కూటీ, ఏడాదికని కొన్న ఆరు బస్తాల సన్నబియ్యం మునిగాయి. ఉత్తరం రాసేనాటికి ఇంకా మోకాలి లోతు నీళ్లున్నాయి. బాగుచేతకు కాంట్రాక్టర్ 3,80,000 రూపాయలు చెప్పి, సగం అడ్వాన్స్ అడుగుతున్నాడు. చేతిలో ఉన్నది 45 వేలు. పాప బీటెక్ ఫీజు కోసం 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, ఒక చిట్టీ నడుస్తోంది, హోమ్ లోన్ కిస్తీ కడుతున్నారు. భర్త దోస్తు ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు సర్దుతానన్నాడు. బ్యాంకులో పర్సనల్ లోన్ కూడా వస్తుందట. ఏది తీసుకోమంటారని ప్రశ్న.

మేడమ్, ఇప్పటికి ఏదీ వద్దు. మీరు పంపిన ఎస్టిమేట్ కాగితాన్నే మళ్లీ ఒకసారి చదవండి. నీళ్లు తోడి బురద ఎత్తడానికి 25 వేలు, కరెంటు పనికి 45 వేలు, గోడలకు వాటర్‌ప్రూఫింగ్ 1,40,000, టైల్స్, పుట్టీ, పెయింట్‌కు 1,70,000. ఈ వారం తప్పనిసరిగా కావలసింది మొదటి రెండే, అంటే 70 వేలు. మిగతా 3,10,000 రూపాయల పని తడి గోడ మీద చేయించకూడదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. 2020 అక్టోబర్ వానలకు మా మెట్ల కింది గోడ నానింది. చుట్టాలొస్తున్నారని పదిహేను రోజులకే పుట్టీ పెట్టించాను. సంక్రాంతికల్లా అరచేతి వెడల్పు పెచ్చులు ఊడి పడ్డాయి. గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ వదలదు. ఒక పాలిథిన్ షీటును గోడకు ఆనించి, నాలుగు అంచులకూ టేపు వేసి రెండు రోజులు ఉంచండి. షీటుకు గోడవైపు నీటి బొట్లు కడితే ఇంకా ఆరలేదని. ఎండకు పేరు పడ్డ జిల్లా మనది. ఆ పని వేసవికి వదిలేయండి, ఎండకు బిల్లు కట్టక్కర్లేదు.

ఇంకో మాట. నీళ్లు మీ గోడల్లోంచి ఊరలేదు, ర్యాంపు మీద నుంచి దిగాయి. లోపలి గోడలకు లక్షా నలభై వేల మందు పూసినా వచ్చే వానకు ర్యాంపు ర్యాంపే. ముందు దాని మొదట్లో బండి ఎక్కేంత ఏటవాలుగా ఒక గట్టు, కింద జాలీ వేసిన కాలువ, ఒక మూలన గుంత, అందులో నీళ్లు చేరగానే తనంతట తాను ఆన్ అయ్యే మోటారు. వీటికి ఎంతవుతుందో ఇంకో మేస్త్రీని అడిగి రాయించుకోండి. మీ కాంట్రాక్టర్ కాగితంలో ఇవేవీ లేవు, టైల్స్ మాత్రం ఉన్నాయి!

ఇక వడ్డీల సంగతి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నాలుగు లక్షలకు నెలకు 8 వేలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. దోస్తు దగ్గర తీసుకుంటే మొహమాటం అదనం. పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకు దొరికిందనుకుందాం, కిస్తీ నెలకు దాదాపు 13,670, మొత్తం వడ్డీ 92 వేల పైనే. చిట్టీ కూడా ఇప్పుడు ఎత్తకండి. ఊళ్లో సగం మందికి డబ్బు అవసరమైన నెలలో పాట బాగా దిగిపోతుంది, నష్టం ఎత్తినవాళ్లకే.

ఎఫ్‌డీని విరగ్గొట్టొద్దు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీని తాకట్టు ఉంచి వాడుకున్నంతకే వడ్డీ కట్టే అప్పు తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ వేస్తారు. మీ ఎఫ్‌డీకి 7 శాతం వస్తుంటే, 8 శాతానికి లక్ష వాడుకుని ఆరు నెలల్లో కట్టేస్తే వడ్డీ 4 వేలు. అదే లక్ష మీద ఎఫ్‌డీ వైపు 3,500 వస్తూనే ఉంటుంది. చేతిలోని 45 వేలల్లో 20 వేలు కదపకుండా ఉంచి, మిగతా 25 వేలు వాడండి, తక్కువ పడ్డది ఈ ఓవర్‌డ్రాఫ్ట్‌లోంచి తీయండి. ర్యాంపు పని కూడా దీంతోనే మొదలుపెట్టొచ్చు.

ఇంటికి ఇన్సూరెన్స్ లేదన్నారు. నాకు నమ్మకం కలగలేదు. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు ఇంటికి పాలసీ కట్టిస్తాయి, కాగితం ఫైల్లో ఉండిపోతుంది. బ్రాంచికి వెళ్లి అడగండి. అది మీ ప్రాణానికి చేసిన లోన్ బీమానా, ఇంటికి చేసిందా చూసుకోండి. ఇంటిదైతే వెంటనే కంపెనీకి తెలపండి. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో వరద నష్టం కవర్ అవుతుంది. ఇంటితో పాటు సామాన్లకూ తీసుకుని ఉంటే, విడిగా లెక్క ఇవ్వకపోయినా భవనం బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలు సామాన్లకు వర్తిస్తుంది. శిథిలాలు ఎత్తిన ఖర్చు క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకు ఇస్తారు. కాబట్టి పంపు అద్దె, కూలీల చీటీలు కూడా దాచండి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ మట్టి గీతను కడిగెయ్యకముందే టేపు ఆనించి ఫొటో తీయండి. కంపెనీ సతాయిస్తే బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఫిర్యాదుల నంబరు 155255కు ఫోన్ చేయొచ్చు. నిజంగానే పాలసీ లేదంటే, రేపు తీసుకునేది ఈ నష్టానికి పనికిరాదు, వచ్చే వానకు పనికొస్తుంది.

స్కూటీకి కిక్ కొట్టలేదు కదా? నీళ్లు తాగిన ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే అప్పుడయ్యే నష్టాన్ని మామూలు పాలసీ ఇవ్వదు. నెట్టుకునో ఆటో ట్రాలీలో వేసుకునో షెడ్డుకు చేర్చండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఆ ఖర్చు మీదే.

నీళ్లు తోడేటప్పుడు మెయిన్ ఆపకుండా ఎవరినీ దిగనివ్వకండి. ఒక్క రోజులో మొత్తం లాగేయొద్దు. బయట నేల నానివుంటే ఆ బరువుకు గోడ లోపలికి వంగుతుంది, అప్పుడు ఎస్టిమేట్‌లో ఇంకో సున్నా చేరుతుంది. కొంచెం తోడి, ఒక రోజు ఆగి చూసి, మళ్లీ తోడించండి. బురదను మాత్రం తడి మీదే పారలతో ఎత్తించండి. గట్టిపడితే గడ్డపారలు కావాలి, కూలీ రెట్టింపవుతుంది. సంపు పక్కనే ఉందన్నారు, దాన్నీ ఖాళీ చేసి బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించాకే వాడండి.

చివర్న బియ్యం గురించి అడిగారు, కడిగి ఎండబోస్తే పనికొస్తాయా అని. మోరీ నీళ్లు కలిసిన బియ్యం అవి, వద్దు. పక్కింటి బర్రెలకూ పెట్టనివ్వకండి. బస్తాలన్నీ వరసగా పెట్టించి, కొన్న బిల్లు చీటీ పక్కన ఉంచి ఫొటో తీసుకోండి. పాలసీ సంగతి తేలి, ఉంటే సర్వేయర్ చూసి వెళ్లాక, మున్సిపాలిటీ బండికి ఎక్కించండి.